ఏది ఆగిందో అడిగాకే సంతకం

"వెంటిలేటర్ మీద పెట్టారట" అన్న కబురు ఊరు చేరిందంటే ఆ వెనకే వచ్చే మాట మనందరికీ తెలుసు. "అయితే ఇక లేనట్టే." ఫోన్లో గొంతులు తగ్గుతాయి. దూరపు చుట్టాలు బస్సెక్కుతారు. ఇంటి పెద్ద ఒకరు "కొన ఊపిరి ఉండగానే తెచ్చేయండిరా" అంటారు. 2025 మొదట్లో పుణెలో జీబీఎస్ (గిలాన్-బారే సిండ్రోమ్, నరాలు దెబ్బతిని కండరాలు నీరసించే జబ్బు) కేసులు గుంపుగా బయటపడి, తర్వాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కూడా మరణాలు వార్తలకెక్కాయి. అప్పుడు కూడా వెంటిలేటర్ అన్న పదాన్ని చావుకు ముందు వచ్చే కబురులాగే చెప్పారు, విన్నారు. ఆ జబ్బులో మాత్రం బతికించే పనిముట్టు అదే. ఈ సంగతి ఎవరూ గట్టిగా చెప్పినట్టు లేదు.

ఈ వ్యాసంలో నేను వాదించేది ఒక్కటే. వెంటిలేటర్ అన్నది ఒక్క యంత్రమే గానీ, దాని మీద ఉన్న మనుషులందరూ ఒకే పరిస్థితిలో ఉండరు. కొందరికి మెదడు దెబ్బతిని ఊపిరి ఆగుతుంది. కొందరికి ఊపిరితిత్తులు పాడవుతాయి. ఇంకొందరికి మెదడూ ఊపిరితిత్తులూ బాగానే ఉంటాయి, ఊపిరి లాగే కండరాలు మాత్రం పనిచేయవు. ఈ మూడో రకం వాళ్లకు కండరాల్లోకి మళ్లీ బలం వచ్చేదాకా గాలి అందిస్తే చాలామంది లేచి నడుస్తారు. ఇంటికి తీసుకెళ్లిపోతామని సంతకం పెట్టేముందు "ఏది ఆగింది?" అని డాక్టరును అడిగి జవాబు రాబట్టాలి. ఆ జవాబు తెలియకుండా చేసిన నిర్ణయాన్ని నిర్ణయం అనలేం.

ఈ మూడో రకానికి నాలుగు ఉదాహరణలు: జీబీఎస్, కట్లపాము కాటు, పురుగుమందు తాగాక రెండో మూడో రోజున వచ్చే కండరాల నీరసం, ధనుర్వాతం. ఈ నాలుగింటిలో జీబీఎస్ అరుదు, ఏడాదికి లక్ష మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. కట్లపాము, పురుగుమందు మన పల్లెలకు కొత్త కాదు. నాలుగూ వేరువేరు జబ్బులే అయినా ఐసీయూలో దారి దాదాపు ఒకటే: కొన్ని రోజులో వారాలో ఊపిరి ఆడించడం, ఈలోగా ఇంకేదీ చెడకుండా చూసుకోవడం.

కోపెన్‌హాగెన్, 1952

ఐసీయూ అన్న గది పుట్టిందే ఈ మూడో రకం రోగుల కోసం. 1952 వేసవిలో కోపెన్‌హాగెన్‌లో పోలియో విరుచుకుపడింది. అంటువ్యాధులకు పేరున్న బ్లెగ్డామ్ ఆసుపత్రిలో ఉన్నవల్లా ఒక ఇనుప ఊపిరి పెట్టె, ఛాతీకి తొడిగే చిన్న యంత్రాలు ఆరు. మొదటి మూడు వారాల్లో యంత్రాల మీద పెట్టిన 31 మందిలో 27 మంది మూడు రోజుల్లోపే పోయారు. అప్పుడు బియోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరును పిలిపించారు. ఆయన 12 ఏళ్ల అమ్మాయికి గొంతు దగ్గర రంధ్రం చేయించి, గొట్టం పెట్టించి, రబ్బరు సంచీ నొక్కుతూ చేత్తోనే ఊపిరి ఆడించారు. ఆ పాప బతికింది. అంతమందికి యంత్రాలు లేవు కాబట్టి సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు షిఫ్టుల్లో కూర్చుని, నెలల తరబడి, రాత్రీ పగలూ ఆ సంచులు నొక్కారు. అంతకుముందు పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మంది పోయేచోట తర్వాత సగానికి పైగా దక్కారు.

అక్కడ కొత్త మందేదీ దొరకలేదు. పోలియోకు మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. చేసిందల్లా, ఆగిపోయిన కండరం పని ఇంకొకరు చేయడం. ఈ రోజు మన జిల్లా కేంద్రాల్లో ఉన్న వెంటిలేటర్లు ఆ విద్యార్థుల చేతులకు వారసులు.

ఆక్సిజన్ 98 ఉంది కదా అంటే

జీబీఎస్ సాధారణంగా విరేచనాలో జలుబో తగ్గిన వారం, రెండు వారాలకు మొదలవుతుంది. ఆ సూక్ష్మజీవి మీదికి తయారైన రక్షణ వ్యవస్థ పొరబడి సొంత నరాల పైపొర మీదనో నరాల తీగ మీదనో దాడి చేస్తుంది. పాదాల్లో తిమ్మిరి, మెట్లెక్కలేకపోవడం, కూర్చున్నచోటి నుంచి లేవలేకపోవడం, తర్వాత చేతులు, ముఖం, మింగడం. చాలామందికి నడుము నొప్పి ముందే వస్తుంది, దాన్ని వెన్నుపూస నొప్పి అనుకుని నొప్పి మాత్రలతో రోజులు గడుపుతారు. నీరసం నాలుగు వారాల్లోపు అట్టడుగుకు చేరి ఆగుతుంది, సగం మందికి పైగా రెండు వారాల్లోనే ఆగుతుంది. నలుగురైదుగురిలో ఒకరికి వెంటిలేటర్ అవసరం పడుతుంది.

ఆ ఒకరు ఎవరో ముందుగా కనిపెట్టడంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ ఇక్కడ మోసం చేస్తుంది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి ఆక్సిజన్ 97, 98 చూపిస్తూనే ఉంటుంది. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటూ ఉంటుంది. ఆ అంకె పడిపోయే సరికి చేతిలో నిమిషాలే మిగులుతాయి. అందుకే చూడాల్సింది ఊపిరి బలం. ఒకసారి నిండా పీల్చి వదిలే గాలి కిలోకు 20 మిల్లీలీటర్ల కంటే తగ్గితే, అంటే 60 కిలోల మనిషికి 1200 మిల్లీలీటర్లకు దిగితే, వెంటిలేటర్ కోసం నోటి గుండా గొట్టం వేయడానికి సిద్ధపడాలి. పీల్చే ఒత్తిడి 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడికి, వదిలే ఒత్తిడి 40కి అందకపోయినా అంతే. ఒక్కరోజులో ఈ అంకెలు మూడో వంతు పడిపోతే, గీత దాటకపోయినా భయపడాలి.

కొలిచే పరికరం లేనిచోట లెక్క పెట్టించవచ్చు. నిండా ఊపిరి పీల్చుకుని, మళ్లీ పీల్చకుండా, ఒకే వేగంతో ఒకటి నుంచి లెక్కపెట్టమనాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు నలభై, యాభై దాకా వెళ్తారు. ఇరవై దాటలేకపోతే ఐసీయూలో ఉండాలి. తెలుగులో ఒక చిక్కుంది. ఇరవై దాటాక మన అంకెలు పొడుగైపోతాయి, "ఇరవై తొమ్మిది" అనేసరికి ఎంతో గాలి పోతుంది. కాబట్టి పుస్తకంలోని గీత కంటే అదే మనిషి పొద్దున ఎంత, సాయంత్రం ఎంత అన్నది నమ్మదగ్గది. పొద్దున 30, మధ్యాహ్నం 22, సాయంత్రం 14 అని కేస్ షీట్లో రాసి ఉంటే, ఆ రాత్రి ఏం జరగబోతోందో చెప్పడానికి ఇంకే పరీక్షా అక్కర్లేదు. దాంతోపాటు దిండు మీంచి తల ఎత్తమనాలి. మెడ ముందు కండరాలు, డయాఫ్రం (ఊపిరి లాగే ముఖ్యమైన కండరం) కలిసి నీరసిస్తాయి. తల ఎత్తలేనివాడు ఊపిరి కూడా ఎక్కువసేపు లాగలేడు.

ఇక్కడ కుటుంబంతో వచ్చే గొడవ ఊహించుకోవచ్చు. మనిషి మాట్లాడుతున్నాడు, ఆక్సిజన్ 98 ఉంది, ఇడ్లీ కూడా తిన్నాడు. డాక్టరు వచ్చి వెంటిలేటర్ పెట్టాలంటాడు. "బాగున్న మనిషికి డబ్బుల కోసం గొట్టం పెడుతున్నారు" అన్న అనుమానం ఇలాంటప్పుడే పుడుతుంది. ఆ అనుమానాన్ని మూఢత్వం అని నేను కొట్టిపారేయను, అనవసరపు బిల్లులు చూసిన సమాజం మనది. కానీ ఈ జబ్బులో తొందరపడి వేసిన గొట్టం కంటే ఆలస్యంగా వేసిన గొట్టమే ప్రమాదం. పగటిపూట, అన్నీ సిద్ధం చేసుకుని, మత్తు డాక్టరు పక్కన ఉండగా వేస్తే సాఫీగా జరిగే పని అర్ధరాత్రి గుండె ఆగబోయే క్షణంలో పరుగుల మీద చేస్తే చేజారుతుంది. పైగా జీబీఎస్ రోగికి గొట్టం వేసేటప్పుడు సక్సినైల్‌కోలిన్ అనే కండరాల్ని వదులుచేసే మామూలు మందు వాడకూడదు. నరం అందని కండరం ఆ మందు తగలగానే పొటాషియాన్ని రక్తంలోకి వదిలేస్తుంది, గుండె ఆగిపోవచ్చు. హడావిడిలో ఈ తేడా మరిచిపోవడం తేలిక.

మందు విషయం త్వరగా చెప్పి ముందుకు వెళ్తాను. ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన ప్రతిరక్షకాలు) రోజుకు కిలోకు 0.4 గ్రాముల చొప్పున ఐదు రోజులు. 60 కిలోల మనిషికి రోజుకు 24 గ్రాములు, మొత్తం 120 గ్రాములు, అంటే ఐదు గ్రాముల సీసాలు 24. లక్షల మాట. ప్లాస్మా మార్పిడి (రక్తంలోని ద్రవాన్ని తీసి వేరేది ఎక్కించడం), రెండు వారాల్లోపు ఐదుసార్లు, దీనితో సమానంగా పనిచేస్తుంది, మన దగ్గర సాధారణంగా ఖర్చు కూడా తక్కువే. యంత్రం, రక్తనిధి ఉన్న పెద్ద ఆసుపత్రి కావాలి, అంతే. రెండూ కలిపి ఇస్తే అదనపు మేలేమీ లేదు. స్టీరాయిడ్లు దీనికి పనిచేయవు. మందు అయిపోయినా మనిషి కదలడం లేదని పొలం తాకట్టు పెట్టి రెండో కోర్సు కొనేవాళ్లకు ఒక మాట: తీవ్రమైన జబ్బు ఉన్నవాళ్లకు రెండో కోర్సు ఇచ్చి చూసిన నెదర్లాండ్స్ పరిశోధకుల ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి. లాభం లేదు, రక్తం గడ్డకట్టడం లాంటి హాని ఎక్కువైంది. ఐవీఐజీ దాడిని ఆపుతుంది, తెగిన నరాన్ని అతకదు. నరం తీగ దెబ్బతింటే రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ కండరం దాకా రావాలి. ఆ నిదానాన్ని ఏ సీసా మార్చలేదు. ఆ డబ్బు వెంటిలేటర్ రోజులకు, తర్వాత ఫిజియోథెరపీకి దాచుకోవడం మేలు.

కళ్లు తెరవనివాడు నిద్రపోతున్నాడని కాదు

కట్లపాము సంగతి ఇంకా విచిత్రం. అది రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. కోరలు చిన్నవి, వాపు ఉండదు, నొప్పి ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తారు. గ్యాస్ అనుకుంటారు. కాసేపటికి రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఉమ్మి మింగలేరు. వానాకాలంలో నేల మీద పడుకున్న మనిషి కడుపునొప్పితో లేచి రెప్పలు వాల్చేస్తుంటే, గాటు కనిపించినా కనిపించకపోయినా కట్లపామునే ముందు అనుమానించాలి. దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాట్ల వల్ల సుమారు 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. మరణాలు ఎక్కువున్న రాష్ట్రాల పట్టికలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతం కూడా ఉంది.

నరం పంపే కబురు అందకుండా నాగుపాము విషం కండరం వైపు తలుపు మూస్తుంది. కట్లపాము విషం నరం కొసనే ధ్వంసం చేస్తుంది. విరుగుడు ఇంజెక్షన్ రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది తప్ప అప్పటికే పోయిన కొసను తిరిగి తేలేదు. అందుకని పది సీసాలు ఇచ్చినా, ఇంకో పది ఇచ్చినా, మొదలైన పక్షవాతం ఆగకుండా సాగడం చూసి "మందు పనిచేయలేదు" అనుకుంటారు. కొస మళ్లీ మొలవాలి. దానికి కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు మూడు వారాలు. అంతవరకూ వెంటిలేటరే వైద్యం.

విషం బాగా ఎక్కిన రోగిని చూడండి. కళ్లు మూసుకుని ఉంటాయి. పిలిస్తే పలకడు. గిల్లితే కదలడు. రెప్ప ఎత్తి లైటు వేస్తే కంటిపాప పెద్దదై, బిగుసుకుని ఉంటుంది, చిన్నదవదు. దగ్గు లేదు. సొంత ఊపిరి లేదు. మెదడు చనిపోయినప్పుడు కనిపించే గుర్తులన్నీ ఉన్నాయి. మెదడు మాత్రం పూర్తి మెలకువతో ఉంది. ఇలాంటి రోగుల్ని మెదడు పోయినట్టు పొరబడి, తర్వాత వాళ్లు లేచి కూర్చున్న సంఘటనలు మన దేశపు వైద్య పత్రికల్లో ఒకటికి మించి ఉన్నాయి.

దీన్ని చదివి అవయవదానం మీద అనుమానం పెంచుకోవద్దు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం మెదడు మరణాన్ని నలుగురు డాక్టర్ల బృందం, ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి తేల్చాలి. అన్నింటికంటే ముందు, అసలు మెదడు ఎందుకు పోయిందో కారణం తెలిసి ఉండాలి, విషం గానీ కండరాల్ని స్తంభింపజేసే మందు గానీ లేదని రూఢి కావాలి. ఈ పద్ధతిని గౌరవించే చోట పొరపాటు జరగదు. పొరపాటు జరిగేది పద్ధతిలోకి వెళ్లకముందే, ఎమర్జెన్సీలో టార్చిలైటు వేసి చూసి, "కంటిపాపలు పెద్దవైపోయాయి, ఇక లాభం లేదు, తీసుకెళ్లండి" అన్న ఒక్క మాటతో. తలకు దెబ్బ లేదు, స్కాన్ శుభ్రంగా ఉంది, ఎందుకు పడిపోయాడో తెలియదు. ఈ మూడూ కలిసినప్పుడు ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు.

పరీక్ష తేలిక. కళ్లు మూసుకుని ఉన్నాయంటే స్పృహ లేదని కాదు, రెప్ప ఎత్తే కండరం పనిచేయడం లేదని. వేలితో రెప్ప ఎత్తి, మన ముఖం అతని చూపుకు ఎదురుగా పెట్టి, "నేను చెప్పేది వినపడితే కాలి బొటనవేలు కదుపు" అని నిదానంగా చెప్పాలి. చేతులు పోయినా కాలివేళ్లో, నుదుటి మీది ముడతో కొంచెం మిగిలే అవకాశం ఉంది. ఒక అరనిమిషం ఆగాలి. ఒక్కసారి చూసి వదిలేయకూడదు, షిఫ్టు మారినప్పుడల్లా అడగాలి. ఏదీ కదలకపోతే ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) తీయించవచ్చు, మెలకువగా ఉన్న మెదడు అక్కడ దొరికిపోతుంది.

పురుగుమందు కథలో మోసం వేరే రకం. మొదటి రోజు నోట్లో నురగ, చెమట, సూదిమొనంత కంటిపాప. అట్రోపిన్ అనే విరుగుడు మందు రెట్టింపు చేసుకుంటూ ఇచ్చి ఆ గండం దాటిస్తారు. రెండో రోజు మనిషి లేచి మాట్లాడతాడు, వార్డుకు మారుస్తారు, ఇంటివాళ్లు కొబ్బరికాయ మొక్కుకుంటారు. 24 నుంచి 96 గంటల మధ్య మెడ వాలిపోయి ఊపిరి ఆగుతుంది. శ్రీలంక డాక్టర్లు సేనానాయకే, కరల్లియద్దె 1987లో దీన్ని విడిగా వర్ణించారు. అట్రోపిన్ చెమటనూ కఫాన్నీ ఆపుతుంది గానీ కండరం మీద దానికి పట్టు లేదు. కాబట్టి వార్డుకు మార్చినా నాలుగు రోజుల దాకా పూటకోసారి దిండు మీంచి తల ఎత్తించి చూడాలి. ఎత్తలేకపోతే వెంటనే వెనక్కి ఐసీయూకి. ఈ ఒక్క పరీక్షకు పైసా ఖర్చు లేదు. అది చేయని వార్డుల్లో తెల్లారేసరికి చనిపోయి కనిపించినవాళ్లను "గుండెపోటు" అని రాసి పంపేస్తారు.

ఎదుటి వాదన

నా వాదనకు గట్టి అభ్యంతరాలున్నాయి. ఒకటి, వెంటిలేటర్ నిజంగానే వృథా అయ్యే జబ్బులు ఉన్నాయి. గడ్డిమందు అని ఒకే పేరుతో పిలుచుకునే వాటిలో పారాక్వాట్ ఒకటి. దానికి విరుగుడు లేదు, అది ఊపిరితిత్తులనే గట్టిపరుస్తుంది, పైనుంచి ఇచ్చే ఆక్సిజన్ ఆ మంటకు ఆజ్యం పోస్తుంది. పారాక్వాట్ ఊపిరితిత్తులతో వెంటిలేటర్ దాకా వచ్చినవాళ్లు దాదాపుగా దక్కరు. అందుకే ఏ మందు తాగినా ఖాళీ డబ్బానో కనీసం దాని ఫొటోనో ఆసుపత్రికి తేవాలి. పురుగుమందా, గడ్డిమందా, గడ్డిమందైతే ఏది అన్నదాన్ని బట్టి వెంటిలేటర్‌కు అర్థమే మారిపోతుంది. ఒళ్లంతా పాకిన కేన్సర్, మెదడులో పెద్ద రక్తస్రావం, ఇలాంటివాటిలో యంత్రం చావును పొడిగించడమే చేస్తుంది. గౌరవంగా వెళ్లిపోయే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, 2023లో ఆ విధానాన్ని సులువు చేసింది. అలాంటి చోట ఇంటికి తీసుకెళ్తామన్నవాళ్లను నేను ఒక్క మాట అనను. ప్రాణం గడప లోపల పోవాలన్న కోరికను, అద్దె ఇంట్లోకి శవాన్ని రానివ్వరన్న భయాన్ని తెలుగువాడికి ఎవరూ వివరించనక్కర్లేదు.

రెండో అభ్యంతరం డబ్బు, నాకు జవాబు సగమే తెలిసింది దీనికే. జీబీఎస్ రోగి నెలకు పైగా వెంటిలేటర్ మీద ఉండటం మామూలు. ప్రైవేటు ఐసీయూలో ఆ నెల ఒక తరం సంపాదనను మింగుతుంది. ఆరోగ్యశ్రీ గానీ, ఎన్టీఆర్ వైద్య సేవ గానీ ఉన్నవాళ్లు మొదటి రోజే ఆరోగ్యమిత్రను కలిసి అనుమతి పెట్టించుకోవాలి. పదిహేను రోజులు చేతి డబ్బు పోశాక కార్డు తీస్తే పాత బిల్లు వెనక్కి రాదు. ప్రభుత్వ బోధనాసుపత్రికి మారడం ఓటమి కాదు, మారే పద్ధతే ముఖ్యం: అక్కడ వెంటిలేటర్ బెడ్ ఖాళీ ఉందని ఫోన్లో రూఢి చేసుకుని, గొట్టం వేసి బిగించాకే, ఆంబు బ్యాగ్ (చేత్తో ఊపిరి ఆడించే సంచీ) నొక్కడం తెలిసినవాళ్లతో, నిండు సిలిండర్‌తో బయల్దేరాలి. నిమిషానికి 12 సార్లు, ఛాతీ కాస్త లేచేంత, అంతకంటే వేగం వద్దు. బెడ్ లేదని తెలియక గేటు దగ్గర అంబులెన్సులో గంటసేపు సంచీ నొక్కే పరిస్థితి కుటుంబం తప్పు కాదు. ఏ ఆసుపత్రిలో ఎన్ని వెంటిలేటర్లు ఖాళీగా ఉన్నాయో జిల్లా మొత్తానికి తెలిసే ఏర్పాటు కోవిడ్ రోజుల్లో చేయగలిగాం. తర్వాత ఎందుకు నిలబెట్టుకోలేదన్న ప్రశ్న ప్రభుత్వాలను అడగాల్సిందే.

మూడోది, బతికి ఏం లాభం, మంచాన పడతాడు కదా అన్నది. జీబీఎస్‌లో ఆరు నెలలకు పదిమందిలో ఎనిమిది మంది ఎవరి ఆసరా లేకుండా నడుస్తారు. వెంటిలేటర్ దాకా వెళ్లినవాళ్లలో ఆ పాలు తక్కువే, ఆలస్యమూ ఎక్కువే. కొందరికి పాదాలు వేలాడటం, తొందరగా అలసట ఏళ్ల తరబడి ఉంటాయి. మరణాలు నూటికి మూడు నుంచి పది దాకా. కట్లపాము కాటులో సకాలంలో ఊపిరి అందినవాళ్లు సాధారణంగా ఏ లోటూ లేకుండా పొలానికి తిరిగి వెళ్తారు. ఇవి కచ్చితమైన హామీలు కావు. కానీ "వెంటిలేటర్ అంటే నూటికి ఒకరు" అన్న వాడుక మాట ఈ జబ్బులకు పచ్చి అబద్ధం.

ఆ రోజుల్లో చంపేది

పక్షవాతం చంపదు. ఆ పక్షవాతంలో పడుకుని ఉన్న రోజులు చంపుతాయి. కఫం గొట్టానికి అడ్డుపడటం, న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తికి ఎగబాకడం, పుండ్లు, గొట్టం ఊడటం. మామూలు రోగి గొట్టం ఊడితే తన్నుకుంటాడు, పెనుగులాడతాడు. ఇతను కదలకుండానే పోతాడు, అలారం ఒక్కటే అతని కేక. విసుగ్గా ఉందని అలారం గొంతు తగ్గించిన ఐసీయూలో ఇలాంటి రోగిని ఉంచకూడదు. మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉందా, రెండు గంటలకోసారి పక్క తిప్పుతున్నారా, గొట్టం చుట్టూ ఉండే గాలి బుడగలో ఒత్తిడి 20, 30 సెంటీమీటర్ల మధ్య ఉందా, పాదాలకు ఆసరా ఉందా, రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్ పడుతోందా, మంచం పక్కన ఆంబు బ్యాగ్ వేలాడుతోందా. ఇవి అటెండెంటు కూడా మర్యాదగా అడగగలిగే ప్రశ్నలే. మూతపడని కంటికి జెల్ వేసి టేపు అంటించాలి, లేకపోతే నరాలు కోలుకునేసరికి నల్లగుడ్డు ఎండి మచ్చపడుతుంది. జీబీఎస్‌లో ఇంకో గండం గుండెను నడిపే నరాలది. కఫం లాగడానికి సక్షన్ గొట్టం దించగానే నాడి 30కి పడిపోవచ్చు. బీపీ ఒక గంట 200, మరుగంట 80. ఆ 200 చూసి గట్టి బీపీ మందు వేస్తే తర్వాతి 80ని అదే మందు 50 చేస్తుంది. ఆగి చూడటం తెలిసిన చేయి కావాలి.

ఇన్ని చెప్పినా నాకు అన్నింటికంటే బాధ కలిగించేది వేరు. ఈ మనిషి వింటున్నాడు. నొప్పి తెలుస్తుంది. దోమ కుట్టినా తెలుస్తుంది. కాళ్లు తిప్పితే జీబీఎస్ నరాలు మంటలు పుట్టిస్తాయి, అరవలేడు. కదలని రోగికి నొప్పి మందు అక్కర్లేదనుకోవడం క్రూరత్వం, అది తెలియనితనం వల్ల జరిగినా సరే. నాడి వేగం, కళ్లలో నీళ్లు, బీపీ పెరగడం, అతని దగ్గర మిగిలిన భాష అదే. ప్రతి పనికి ముందు చెప్పి చేయాలి: "అన్నా, పక్కకు తిప్పుతున్నాం." "అమ్మా, కఫం తీస్తున్నా, పది సెకన్లు." పగలో రాత్రో చెప్పాలి. ఇది తాత్కాలికం, నరాలు తిరిగి వస్తాయి అని రోజూ చెప్పాలి, ఎందుకంటే అతనికి ఆ సంగతి చెప్పినవాళ్లు ఇంకా ఎవరూ ఉండకపోవచ్చు.

కళ్లు మాత్రం కదిలే రోగికి అవును అంటే పైకి చూడు, కాదంటే కిందికి చూడు అని నేర్పాలి. రెప్పపాటు మీద నమ్మకం పెట్టుకోవద్దు, అది దానంతటదే పడుతుంది. అట్ట మీద ముందు అవసరాలు పెద్దగా రాయాలి: నొప్పి, కఫం, దాహం, పక్క తిప్పు, దురద, భయం, చలి, ఇంటివాళ్లు. అంతకుమించి చెప్పాలనుకుంటే అక్షరాలు. మన యాభై ఆరూ ఒక్కొక్కటే చూపిస్తే రోగి అలసిపోతాడు. వరసలుగా రాసి ముందు వరస అడగాలి: అచ్చులా? క వరసా? చ వరసా? పైకి చూశాక ఆ వరసలో అక్షరం. గుణింతాలు, ఒత్తులు వదిలేయండి. "క", "డ", "క" దాకా వచ్చేసరికి కొడుకు గురించి అడుగుతున్నాడని తల్లికి తెలిసిపోతుంది.

రెండు వారాలు దాటితే ట్రాకియాస్టమీ, అంటే గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం పెట్టడం, చేస్తారు. దానికి కూడా "గొంతు కోస్తారట" అని భయపడి వద్దనేవాళ్లున్నారు. నోట్లో గొట్టం పోతుంది, మత్తు తగ్గించవచ్చు, పెదాలు కదపవచ్చు, వెంటిలేటర్ నుంచి కొద్దికొద్దిగా తప్పించడం తేలికవుతుంది. తర్వాత పూడుకుపోయే రంధ్రం అది. రోజుకు అరగంట, గంట, నాలుగు గంటలు అంటూ యంత్రం తీసి చూస్తారు. ఒకరోజు గొట్టం చుట్టూ ఉన్న బుడగలో గాలి తీసి, మాట్లాడే వాల్వు బిగిస్తారు. వారాల తర్వాత గొంతు బయటికి వస్తుంది, బొంగురుగా. చాలామంది అప్పుడు చెప్పేది నొప్పి గురించి కాదు. మంచం పక్కన నిలబడి ఎవరు ఏడ్చారో, ఎవరు కాళ్లు పిసికారో, "ఇంకెన్నాళ్లు పోస్తాం డబ్బు" అని ఎవరన్నారో, ఆ రోజు సంతకం పెట్టొద్దని ఎవరు అడ్డుపడ్డారో, పేర్లతో సహా చెబుతారు.